రెండవ వర్గం

తిరుపాలమ్మ ఎక్కడికి వెళ్ళినా చెప్పులు విడిచాక ఒకసారి వంగి, వాటి మొనలు వీధి వైపు తిప్పి పెడుతుంది. గుడి ముందైనా అంతే, జమ్మలమడుగులో మా ఆఫీసు గడప ముందైనా అంతే. మొదట్లో అదేదో పొందికకు సంబంధించిన అలవాటు అనుకున్నాను. ఉన్నట్టుండి లేచి పోవాల్సి వస్తే చెప్పుల కోసం తడుముకునే పని ఉండకూడదని ఆమె అలా చేస్తుందని నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఆమెను నేను మొదటిసారి చూసింది గండికోటలో, ధాన్యాగారం ముందు. ప్రొద్దుటూరులో మా నాన్నకు బట్టల అంగడి. తిరుపతిలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి వచ్చి, ఏం చేయాలో తోచక పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న నన్ను జియావుల్లా సారు పిలిచారు. ఆయన జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కోట మీది ప్రేమతో ఒక సమితి పెట్టారు. పాడుబడిన కట్టడాల మధ్య కంపచెట్లు కమ్మేసిన స్థలాన్ని జనం వచ్చి తిరిగే పార్కులా చేయాలని ఆయన కోరిక. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి చదువుకున్న కుర్రవాళ్ళు ప్రతి ఆదివారం వచ్చి కంప కొట్టాలి, రాళ్ళు ఎత్తాలి. వాళ్ళను పోగుచేసి, పనులు పంచి, ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి పేరు వాలంటీర్ కోఆర్డినేటర్ అన్నారు సారు. దాని ముందు ఇంటర్న్ అని ఒక మాట తగిలించారు. ఆరు నెలలు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. కాగితం మీద పనే ఎక్కువ ఉంటుందని ఆయన చెబితే ఒప్పుకున్నాను.

నేను కాగితం మీద చేసే పనిని తిరుపాలమ్మ నోటితో చేసేది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్ళు. గండికోట ఊరి కోడలు, గొర్రెలు కాసుకునే కుటుంబం, భర్త లేడు. కోటలో ఊడ్చే పని చేసేది. సమితి పారలు, గడ్డపారలు, కంప నరికే మచ్చుకత్తులు ఆమె ఇంట్లోనే ఉండేవి. ఉదయం తీసి ఇచ్చేది, సాయంత్రం ఒక్కొక్కటీ తడిమి చూసి తీసుకునేది. నలభై మంది కుర్రవాళ్ళలో ఒక్కరిని కూడా పేరు పెట్టి పిలిచేది కాదు.

"ఓ నీలం చొక్కా! పెండ్లిచూపులకు వచ్చినావా ఏంది, ఆ రాయి కాడ నిలబడుకోని? బిన్నా ఎత్తు, పొద్దు పోతాంది."

"గడ్డపార నాయనా, నువ్వు ఇట్ల రా. నీ పక్కనుండే పొడుగోడు ఆ మసీదు పక్కకు పోవాల."

పేర్లు గుర్తుండవా అని ఒకరోజు అడిగాను.

"అందరివీ తెలుసు పాపా," అంది. "పేరు గట్టిగా పిలిస్తే పక్కనోడు ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేరు తెలిస్తే ఊరు తెలుస్తాది. ఊరు తెలిస్తే యా పార్టీనో తెలిసిపోతాది. చొక్కాకు పార్టీ ఉండదు గదా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూసుకుంటూ, పొడుగు కుర్రవాడు మసీదు దాకా వెళ్ళేవరకు అటే చూస్తూ ఉండిపోయింది.

పదిహేను రోజులకొకసారి ఆమె తమ్ముడు కుళ్లాయప్ప వచ్చేవాడు. వాళ్ళ పుట్టినూరు పులివెందుల దగ్గర ఉంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అతనికి ముప్పై ఏళ్ళు, అరవై గొర్రెలు, సంజీవమ్మ అనే భార్య. అక్కకు నెయ్యి తెచ్చి ఇచ్చి, ఊరికే కూర్చోలేక తానూ ఒక మచ్చుకత్తి తీసుకుని, మా కుర్రవాళ్ళు గంటలో కొట్టే కంపను పావుగంటలో కొట్టి పడేసేవాడు.

ఆ ఊరు రెండు పార్టీలు. ఉదయం బస్సులో ఒక పార్టీ వాళ్ళు ఎక్కుతారు, సాయంత్రం బస్సులో ఇంకొక పార్టీ వాళ్ళు. టీ హోటళ్ళు కూడా రెండు. కుళ్లాయప్ప రెండు బస్సులూ ఎక్కడు. నాలుగు మైళ్ళు నడిచి పెద్ద రోడ్డుకు వచ్చి అక్కడ బస్సు పట్టుకుంటాడు. రెండు హోటళ్ళలోనూ టీ తాగడు. ఎవరైనా అడిగితే, "మాది గొర్రెల పార్టీ లే అన్నా" అని తప్పించుకుంటాడు. అలా ఎనిమిదేళ్ళు ఏ పక్కా లేకుండా నెట్టుకొచ్చాడు. ఆ ఊరిలో అది చిన్న విషయం కాదు.

ఆ వేసవిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అదే సమయానికి మా పని కూడా పెరిగింది. వాలంటీర్లను మూడు భాగాలు చేసి, ఎవరు ఎక్కడ పనిచేయాలో పట్టిక రాసి, అచ్చు వేయించి, మూడు ఊళ్ళ బస్టాండుల్లో అంటించమన్నారు సారు.

బ్యాచ్, గ్రూప్ అనే మాటలు నాకు నచ్చలేదు. జట్టు అంటే కబడ్డీ ఆటలా అనిపించింది. క వర్గం, చ వర్గం, ట వర్గం అని అక్షరాలను వరుస పెట్టి చదువుకున్నదాన్ని. అందంగా 'మొదటి వర్గం, రెండవ వర్గం, మూడవ వర్గం' అని రాశాను. ఒక్కొక్క దాని పైన 'వర్గ నాయకుడు' అని పెట్టాను. రోజూ పేపరు చదివే ఇంట్లో పుట్టి కూడా ఆ మాట నాకు పేపరులోది అనిపించలేదు, వ్యాకరణంలోది అనిపించింది.

రెండవ వర్గానికి ఓబులేసు పేరు రాశాను. జమ్మలమడుగులో డిగ్రీ చదివిన అబ్బాయి. మాట నెమ్మది, పని చురుకు. అతనిది కుళ్లాయప్ప ఊరేనని, ఆ ఊరిలో ఒక పార్టీని నడిపే పెద్దమనిషికి స్వయానా తమ్ముడి కొడుకని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆ పట్టికలో పద్నాలుగు మంది కావాలి, పదముగ్గురే తేలారు. కంప బాగా కొడతాడు కదా అని పద్నాలుగో పేరుగా కుళ్లాయప్పను రాశాను. అతన్ని అడగలేదు.

ప్రొద్దుటూరులో ప్రెస్సు ఆయన కాగితాన్ని కళ్ళద్దాల మీంచి చూసి, "ఎన్నికల కరపత్రమా అమ్మా? అట్లయితే అడుగున ప్రెస్సు పేరు, ఎన్ని కాపీలో వేయాల" అన్నాడు. కాదండీ, శ్రమదానం అని చెప్పాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

పట్టికలు అంటించింది సోమవారం. బుధవారం మధ్యాహ్నం తిరుపాలమ్మ జమ్మలమడుగు ఆఫీసుకు వచ్చింది. చెప్పులు తిప్పి పెట్టి, లోపలికి వచ్చి, మడిచిన కాగితం ఒకటి బల్ల మీద విప్పింది. గోడ నుంచి పీకిన కాగితం. వెనక ఎండిన మైదా పెచ్చులు ఉన్నాయి.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే," అన్నాను.

ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "రెండవ వర్గం. వర్గ నాయకుడు ఓబులేసు." వేలు కిందికి జరుగుతూ పోయి పద్నాలుగో పేరు దగ్గర ఆగింది. "మా వాని పేరు ఈడ యాల పెట్టినావు పాపా?"

జియావుల్లా సారు కుర్చీలోంచి లేచారు. "ఏమైంది తిరుపాలమ్మా?"

"ఏమి కావాల సారూ? పులివెందుల బస్టాండులో అంటించినారు. నిన్న మధ్యాన్నానికి ఊరంతా ఇదే మాట. కుళ్లాయప్ప ఓబులేసోళ్ళ వర్గంలో పేరు రాయించుకున్నాడంట, అచ్చేసి గోడకు గూడా కొట్టినారంట అని."

"కింద శ్రమదానం అని రాసి ఉంది," అన్నాను.

"కింద ఎవురు సదువుతారు? పైన సదువుతారు, పేరు సదువుతారు, పోతారు."

ఆమె కూర్చోలేదు. పొద్దున తమ్ముడు వచ్చి చెప్పినవన్నీ నిలబడే చెప్పింది. ముందురోజు సాయంత్రం ఓబులేసు పెదనాన్న మనిషిని పంపాడట. కుళ్లాయప్ప ఇక మనవాడే కదా, సోమవారం మండలాఫీసులో నామినేషన్లు, వచ్చి మా అభ్యర్థిని బలపరుస్తూ సంతకం పెట్టమని. రాత్రి గడిచి తెల్లవారేసరికి అవతలి పార్టీ పెద్ద దగ్గర జీపు నడిపే మద్దిలేటి వచ్చాడు.

"'సోమవారం నువ్వు ఆఫీసు కాడ కనపడకుంటే బాగుంటాది కుళ్లాయా, ఊరికే చెప్తాండా' అన్నాడంట. మా సంజీవమ్మను నీళ్ళడిగి, తాగి, చెంబు ఆమె చేతికిచ్చి మర్యాదగా పోయినాడంట. తిట్టి పోయింటే ఇంత భయపడేదాన్ని కాదు."

వెళితే అవతలివాళ్ళకు శత్రువు. వెళ్ళకపోతే ఇవతలివాళ్ళను నలుగురిలో అవమానించినవాడు. సోమవారానికి నడుమ నాలుగు రోజులే ఉన్నాయి.

సారు అప్పటికే కలం తీశారు. "రేపే సవరణ అచ్చు వేయిస్తాను. కుళ్లాయప్ప పేరు పొరపాటున వచ్చింది, తొలగించాము అని."

"వద్దు సారూ," అంది తిరుపాలమ్మ గబుక్కున. "తీసేస్తే ఏమనుకుంటారు? చేరినాడు, మద్దిలేటి వచ్చి ఒక మాట అంటానే బయటికొచ్చినాడు అనుకుంటారు. చేరినోన్ని ఒక పక్కోళ్ళే పగబడతారు. చేరి బయటికొచ్చినోన్ని ఇద్దరూ ఇడిసిపెట్టరు."

"కొన్నాళ్ళు ఊరు విడిచి ఇక్కడికి వచ్చేస్తే?"

"అరవై గొర్రెలను ఎవురికి అప్పజెప్పి వస్తాడు? వచ్చినాడే అనుకో. ఎవురికి భయపడి పోయినాడో అని ఇంగో కత పుడతాది."

అప్పుడు ఆమె తన భర్త గురించి చెప్పింది. అంతకుముందు నాకు ఆ సంగతి తెలియదు. లక్ష్మయ్య పన్నెండేళ్ళ కిందట ఎర్రగుంట్లలో గొర్రెలకు మందు కొనుక్కుని తిరిగి వస్తున్నాడు. బస్సు తప్పిపోయింది. దారిలో ఒక జీపు ఆగితే ఎక్కాడు. అది ఎవరి జీపో అతనికి తెలియదు. రెండు మైళ్ళు పోకముందే దాని మీద నాటుబాంబులు పడ్డాయి. మరుసటిరోజు పేపరులో ఫలానా వర్గానికి చెందిన ముగ్గురు చనిపోయారని వచ్చింది. ఆ ముగ్గురిలో లక్ష్మయ్య పేరు మూడోది. జీపు తాలూకు మనుషులు వచ్చి, మావాడు అంటూ పాడె మోశారు. మీవాడు కాదని ఆమె అనలేకపోయింది. వాళ్ళు పాడె మోసినందుకే, ఆ తరువాత రెండేళ్ళు వాళ్ళ శత్రువులు ఎవరెవరో ఆమె వాకిలి ముందు ఆగి, చూసి, పోయేవారు. చెప్పుల అలవాటు అప్పటిది.

"సచ్చినాక గూడా ఆయప్పను ఒక వర్గంలో రాసినారు పాపా," అంది. గొంతులో కోపం లేదు. "మీ పుస్తకాల్లో ఆ మాటకు ఏమర్థమో నాకు తెలీదు. మా కాడ మాత్రం అది శానా చెడ్డ మాట."

నేను తల ఎత్తలేదు. ఆమె ఆ కాగితాన్నే చూస్తూ ఉంది.

"నాయకున్ని మార్చొచ్చునా?" అని అడిగింది చివరికి.

"మార్చవచ్చు," అన్నారు సారు.

"అయితే పేర్లు ఒక్కటి గూడా తీయొద్దు. రెండో దాంట్లో నాయకుడి కాడ నా పేరు రాయండి."

"నీ పేరా?"

"గొర్రెలోళ్ళ తిరుపాలమ్మ వర్గమంటే ఎవురన్నా నమ్ముతారా సారూ? నగుతారు. నగితే సాలు. నగినోళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు."

"మరి ఓబులేసు?" అన్నాను.

"ఆ అబ్బోని కాడే ఉండేది అంతా. నలుగురి ముందర, ఆడదాని కింద, గంప ఎత్తుకోవాల. ఎత్తుకున్న్యాడా, ఇది ఉట్టి కంప కొట్టే పనే అని అందురికీ తెలిసిపోతాది. ఎత్తుకోకుండా ఇసిరేసి పోయినాడా..." ఆమె మాట పూర్తి చేయలేదు. కాగితం మడిచి కొంగులో పెట్టుకుంది.

శుక్రవారం కొత్త పట్టికలు వచ్చాయి. సారూ నేనూ వాటిని పాతవాటి మీద అంటించుకుంటూ పులివెందుల దాకా వెళ్ళాము. బస్టాండు గోడకు నేను మైదా పూస్తుంటే ఇద్దరు మనుషులు వచ్చి వెనక నిలబడ్డారు.

"నాయకురాలు తిరుపాలమ్మ. ఎవురప్పా ఈమె?" అన్నాడు ఒకడు.

"కోటలో ఊడుస్తాది లే."

"ఊడ్చేదానికి గూడా వర్గమా! కాలం ఎట్ల వచ్చిందో సూడు మామా." మొదటివాడు పెద్దగా నవ్వాడు.

రెండోవాడు నవ్వలేదు. "ఓబులేసు ఊరుకుంటాడా? ఆదివారం చూస్తాంలే," అన్నాడు. నేను వెనక్కి తిరగకుండా కాగితం మూలలు అదిమాను.

ఆదివారం మేము వెళ్ళేసరికే కోట వాకిలి బయట ఒక జీపు నిలబడి ఉంది. మద్దిలేటి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఓబులేసు తెల్లచొక్కాతో వచ్చాడు. వెంట ఇంతకుముందెప్పుడూ రాని మనుషులు ఇద్దరు ఉన్నారు. కుళ్లాయప్ప అందరికంటే ముందే వచ్చి ధాన్యాగారం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొత్త పట్టిక చూసినప్పటినుంచి, రెండు రోజులుగా, అతను అక్కతో మాట్లాడటం లేదని ఆమె చెప్పింది.

పనిముట్లు పంచడం అయింది. నలభై మంది చేతుల్లో గడ్డపారలు, మచ్చుకత్తులు. ఆ వేళ నాకు అవి పనిముట్లలా కనపడలేదు. పట్టిక చదవాల్సింది నేను. నిలబడ్డాను, కాగితం విప్పాను, మాట రాలేదు. తిరుపాలమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుంది.

మొట్టమొదటిసారి ఆమె పేర్లు పెట్టి పిలిచింది. మెల్లగా, ఒత్తులు కూడబలుక్కుంటూ, ఇంటిపేర్లతో సహా. మొదటి వర్గం అయిపోయింది.

"రెండవ వర్గం. నాయకురాలు తిరుపాలమ్మ. అంటే నేనే." ఎవరో కిసుక్కున నవ్వారు. "మొదటి పేరు ఓబులేసు."

ఓబులేసు పలకలేదు. అతని చేతిలో మచ్చుకత్తి ఉంది.

"నాయకుడు నేను గదా అక్కా," అన్నాడు.

"అది పోయిన కాగితంలో నాయనా. ఈ కాగితంలో నేను."

"ఏందిరా ఇది," అన్నాడు అతని వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు. "ఆడదాని కింద మట్టి మోసేదానికా మనం వచ్చింది?"

తిరుపాలమ్మ ఖాళీ గంప ఒకటి తీసి ఓబులేసు కాళ్ళ ముందు పెట్టింది. "ధాన్యాగారం యనక రాళ్ళుండాయి. ఎత్తుకో."

అంతలో జీపులోంచి మద్దిలేటి చప్పట్లు కొట్టి నవ్వాడు. "ఓబులేసప్పా! మీ వర్గానికి మంచి లీడరే దొరికింది! మీ పెదనాయనకు చెప్పు, నామినేషను గూడా ఆమెతోనే ఏపిచ్చమని!"

ఆ నవ్వు కోసమే తిరుపాలమ్మ ఇంత చేసింది. కానీ అది పడాల్సిన చోట పడలేదు. ఓబులేసు మెడ దాకా ఎర్రబడ్డాడు. మచ్చుకత్తి పిడి మీద వేళ్ళు బిగుసుకున్నాయి. అతని వెంట వచ్చిన ఇద్దరూ జీపు వైపు రెండడుగులు వేశారు. కుళ్లాయప్ప గోడ నుంచి విడివడి ముందుకు వచ్చాడు. సారు, "అరె, అరె బేటా," అంటున్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా.

తిరుపాలమ్మ వాళ్ళందరి నడుమ నుంచి జీపు దగ్గరికి నడిచింది.

"ఏంది మద్దిలేటీ, కూసోని పండ్లికిలిస్తాండావు? దిగు కిందికి. మూడో వర్గంలో మనిషి ఒకడు తక్కువుండాడు. పాపా, కలం తీసుకోని ఇట్ల రా. ఈయన పేరు రాయి. మద్దిలేటి. ఇంటిపేరేంది నాయనా? చెప్పు, ఇంటిపేరుతో సహా అచ్చేపిచ్చి పులివెందుల బస్టాండులో కొట్టిస్తాం."

నేను కలం తీసుకుని వెళ్ళాను. మద్దిలేటి నవ్వు ఆగిపోయింది.

"యేయ్, నా పేరు రాయొద్దు," అన్నాడు. "రాయొద్దమ్మా, నీకు దండం పెడతా. మా పెద్దకు తెలిస్తే సంపుతాడు."

"నువ్వు గూడా భయపడతాండావే?" అంది తిరుపాలమ్మ. "నీళ్ళు తాగి చెంబు మర్యాదగా ఇచ్చి వచ్చినప్పుడు మా వానికి గూడా ఇంతే భయమయింది."

ఒక మూల నుంచి నవ్వు మొదలైంది. ఈసారి అది మద్దిలేటి మీద. అతను జీపు స్టార్టు చేశాడు కానీ వెళ్ళలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది.

ఓబులేసు కాళ్ళ ముందున్న గంపను చూశాడు. మచ్చుకత్తిని పక్కవాడి చేతికిచ్చాడు. "యాడ అక్కా ఆ రాళ్ళు?" అన్నాడు.

గంప ఎత్తుకుని ధాన్యాగారం వెనక్కి నడిచాడు. అతను మలుపు తిరిగాక జీపు కదిలిపోయింది. ఆ రోజంతా అతను ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లచొక్కా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. సాయంత్రం గంప అప్పజెప్పేటప్పుడు తిరుపాలమ్మతో తగ్గు గొంతుతో అన్నాడు:

"నువ్వు ఎందుకు చేసినావో నాకు తెలుసులే అక్కా. సోమవారం సంగతి మా పెదనాయనకు చెప్తా. ఇంటాడని మాత్రం మాటియ్యలేను."

ఆ సాయంత్రమే తిరుపాలమ్మ తమ్ముడి వెంట అతని ఊరికి వెళ్ళింది. సోమవారం జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

మామూలు రోజులాగే గొర్రెలను తోలుకుని ఇద్దరూ బీడుకు వెళ్ళారు. నామినేషన్లు మూడు గంటలకు ముగుస్తాయి. వాళ్ళ దగ్గర గడియారం లేదు. పెద్ద రోడ్డు మీద పోయే బస్సులను బట్టి వేళ తెలుసుకుంటూ కూర్చున్నారు. పన్నెండు గంటల బస్సు పోయాక దుమ్ము లేచింది. ఒక సుమో వచ్చి బాట మీద ఆగింది. ఆదివారం ఓబులేసు వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు దిగాడు. రెండోవాడు దిగకుండా తలుపు తెరిచి పెట్టి కూర్చున్నాడు.

"కుళ్లాయప్పా, పెద్దాయన అడిగి రమ్మన్న్యాడు. వస్తావా, రావా?"

కుళ్లాయప్ప అక్క వైపు చూశాడు.

"వాడు నా వర్గంలో ఉండాడు గదప్పా," అంది తిరుపాలమ్మ. "అచ్చేసి గోడకు గూడా కొట్టినారు. వాన్ని పంపాల్నంటే నన్నడగాల. నేను పంపను, గొర్రెలు కాసేవాళ్ళు లేరు."

ఆ మనిషి ఆమెను చాలాసేపు చూశాడు. కుళ్లాయప్ప చేతిలోని కర్రను, అటువైపు చెదిరిపోతున్న గొర్రెలను చూశాడు. పక్కకు ఉమ్మేశాడు. "ఇదే మాట చెప్తాలే పెద్దాయనకు," అన్నాడు. నవ్వాడో, పండ్లు కొరికాడో ఆమెకు తెలియలేదట. సుమో వెనక్కి తిరిగింది. అది మళ్ళీ వస్తుందని మూడు గంటల బస్సు పోయేదాకా ఇద్దరూ బాటనే చూస్తూ కూర్చున్నారు. రాలేదు. ఆ రోజు సంతకం ఎవరు పెట్టారో ఆమె కనుక్కోలేదు.

సాయంత్రం గొర్రెలను మందకు తోలేటప్పుడు కుళ్లాయప్ప మూడు రోజుల తరువాత మొదటి మాట మాట్లాడాడు.

"ఊర్లో నన్ను ఆడదాని వర్గమోడని నగుతాండారు. తల ఎత్తుకోని తిరగనియ్యకుండా చేసినావు."

"తల ఉండాది గదరా," అంది ఆమె.

ఎన్నికలప్పుడు ఆ ఊరిలో రాళ్ళు పడ్డాయి. ఇద్దరి తలలు పగిలాయి, ఒక గడ్డివామి కాలింది. కుళ్లాయప్ప ఇంటి జోలికి ఎవరూ పోలేదు. కానీ అతను అక్కడ మరో ఏడాదే ఉన్నాడు. ఆ తరువాత సంజీవమ్మను, గొర్రెలను వెంటబెట్టుకుని గండికోటకు వచ్చేశాడు. రెండేళ్ళు అక్కతో ముభావంగానే ఉన్నాడట. ఓబులేసు మళ్ళీ కోటకు రాలేదు. ఆ ఏడాది చివర కువైట్ వెళ్ళాడని విన్నాను.

నా ఆరు నెలలు అయిపోయేనాటికి ధాన్యాగారం వెనక కంప అంతా పోయి నేల కనపడింది. చివరి రోజు నేను తిరుపాలమ్మను క్షమించమని అడిగాను. అడగడానికి పొద్దుటినుంచీ మాటలు కూర్చుకున్నాను. ఆమె గడ్డపారలు తడిమి చూసుకుంటూ, "నువ్వు కావాలని చేసినావా ఏంది," అంది. ఇంకొకటి చేతికి తీసుకుని, "ఇంగొకసారి మాత్రం రాసేముందు అడుగు," అంది.

తిరుపాలమ్మకు ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో కోట పని మానేసి నాలుగేళ్ళయింది. గండికోటలో టూరిస్టు బస్సులు ఆగే చోట మరదలు సంజీవమ్మతో కలిసి జొన్నరొట్టెల అంగడి నడుపుతోంది. ఏడింటికి తెరుస్తారు, పిండి అయిపోగానే మూసేస్తారు.